హెచ్చరిక అందింది... ఆపాల్సింది ఎవరు?

2025 ఫిబ్రవరి 27 సాయంత్రం చండీగఢ్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల డీజీఆర్‌ఈ ఉత్తరాఖండ్‌ ఎగువ ప్రాంతాలకు 24 గంటల మంచు చరియల హెచ్చరిక జారీ చేసింది. అందులో చమోలీ జిల్లా కూడా ఉంది. తెల్లారేసరికి అదే జిల్లాలోని మాణా వద్ద సరిహద్దు రహదారుల సంస్థ శిబిరం మీదికి మంచు విరుచుకుపడింది. కంటెయినర్లలో ఉన్న 54 మంది కార్మికులు కూరుకుపోయారు. సైన్యం, ఐటీబీపీ ప్రాణాలకు తెగించి 46 మందిని కాపాడాయి. ఎనిమిది మంది దక్కలేదు.

హెచ్చరిక ముందే ఉంది కదా, మరి ‘ఈ రాత్రి ఇక్కడ పడుకోవద్దు’ అని చెప్పే అధికారం ఎవరికుంది? మాణా తర్వాత నన్ను వదలని ప్రశ్న ఇది.

ప్రయోగశాల హెచ్చరిక జిల్లాకు చెందుతుంది. మంచు జారేది ఒక వాలు మీద. 30 నుంచి 45 డిగ్రీల వాలులే ఎక్కువగా ప్రాణాలు తీస్తాయి. అంతకన్నా నిటారుగా ఉంటే మంచు పేరుకోకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. గాలి ఒక వైపు మంచును ఎత్తుకెళ్లి శిఖరం చాటున పోస్తుంది. కాబట్టి ఒకే కొండకు ఒక పక్క నడవొచ్చు, మరో పక్క అడుగు పెట్టకూడదు. పైకి గట్టిగా కనిపించే మంచు కింద, తీవ్రమైన చలికి పంచదార పలుకుల్లా విడిపోయిన పొర ఒకటి దాగి ఉండొచ్చు. దానిపై కొత్త మంచు బరువు పడ్డాక, ఒక్క మనిషి అడుగు చాలు. కాలి కింద ‘ధబ్‌’మన్న శబ్దం, మంచులో పరుగెత్తే పగులు... ఇవి చండీగఢ్‌కు వినపడవు, కనపడవు. గస్తీ ముందు నడిచే హవల్దారుకే తెలుస్తాయి.

ఆ హవల్దారు వెనక్కి తిరగగలడా? పై శిబిరంలో సరుకులు నిండుకుంటుంటాయి, సెలవుపై వెళ్లాల్సిన జవాన్లు ఎదురుచూస్తుంటారు. పైగా వెనుదిరగడమంటే వెన్ను చూపడమన్న భావన సైన్యంలో సహజం. సియాచిన్‌లో 2003 నవంబరు నుంచి కాల్పుల విరమణ ఉంది. అయినా మరణాలు ఆగలేదు. 2016 ఫిబ్రవరి 3న 19,600 అడుగుల ఎత్తున సోనమ్‌ స్థావరంపై మంచు పడి మద్రాస్‌ రెజిమెంట్‌ జవాన్లు పదిమందిని బలిగొంది. వారిలో కర్నూలు జిల్లా సిపాయి ఒకరు. ఆరు రోజుల తర్వాత సజీవంగా దొరికిన హనుమంతప్ప కూడా 11న కన్నుమూశారు. ఆయన ఉదంతం అద్భుతం, కానీ దాన్ని చూసి ఆశలు పెంచుకోకూడదు. మంచులో పూర్తిగా కూరుకుపోయినవారిలో అత్యధికులను పావుగంటలోపు తవ్వి తీస్తే బతికించవచ్చు. అరగంట దాటితే ఆ అవకాశం బాగా పడిపోతుంది. హెలికాప్టర్‌ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. పక్కనున్నవాడి దగ్గర సంకేత పరికరం, పొడవాటి శోధన కడ్డీ, పార ఉండాలి. ఇది అవతలి పక్షానికీ తెలిసిన సంగతే. సురక్షితమనుకున్న గయారీ స్థావరంలో 2012 ఏప్రిల్‌లో పాకిస్థాన్‌ 140 మందిని పోగొట్టుకుంది.

2022లో ఉత్తర సిక్కింలో 15,000 అడుగుల ఎత్తున మంచు చరియల రాడార్‌ పెట్టారు. మంచు కదిలిన మూడు సెకన్లలో పసిగడుతుందట. మంచిదే. అయితే అది కదిలాక చెబుతుంది. బయలుదేరాలా వద్దా అన్నది చెప్పదు.

నేను కోరేది ఖర్చులేని పని. ఏ స్థాయి హెచ్చరికకు రాకపోకలు ఆపాలో రాతపూర్వకంగా తేల్చాలి. యుద్ధ స్థితి ఉంటే తప్ప, పైనుంచి ఎవరూ దాన్ని ఫోన్‌లో మార్చకూడదు. వాలు చూసి వెనుదిరిగిన దళ నాయకుడిని సంజాయిషీ అడగకూడదు. కూలీలకూ, రోడ్డు కార్మికుల శిబిరాలకూ ఇదే వర్తించాలి. సామాన్లు ఉన్నాయని మనుషుల్ని అక్కడే ఉంచకూడదు. వచ్చే శీతకాలపు బృందాలు పైకి ఎక్కకముందే, అక్టోబరులోపే, ఈ ఉత్తర్వు వారి చేతికి అందాలి.