లాన్స్‌డౌన్‌లో చూసేదానికి ఏముంది?

పోయిన మార్చిలో ఇంటిల్లిపాదీ లాన్స్‌డౌన్ పోయి వచ్చినామని చెప్తే మా కోయంబత్తూరు బంధువులు అడిగిన మొదటి మాట, "అక్కడ చూసేదానికి ఏముంది?" ముస్సోరీ, నైనిటాల్ వదిలేసి అక్కడికెందుకు పోయినారని మా పెద్దబావగారికి ఇప్పటికీ కోపమే. ఉన్నమాట చెప్పాలంటే, పెద్దగా ఏమీ లేదు. అందుకే పోవాలంటాము మేము.

ఉత్తరాఖండ్‌లో పౌడీ గఢ్వాల్ జిల్లాలో, సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న కంటోన్మెంటు ఊరది. రైలు కోట్‌ద్వార్ దాకానే. అక్కడినుంచి 40 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. 1887లో గఢ్వాల్ రైఫిల్స్ దళం వచ్చి దిగిన దగ్గరనుంచి అది సైన్యం ఊరే. ఎవరికి తోచినట్టు వాళ్ళు హోటళ్ళు లేపడానికి కుదరదు కాబట్టి చెట్లు మిగిలినాయి. మేము పోయినప్పుడు బురాంశ్ పూలు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. గాంధీ చౌక్ బజారు పది నిమిషాల్లో అయిపోతుంది. ఒకరోజు తారకేశ్వర్ మహాదేవ్ గుడికి పోయినాము. చుట్టూ దేవదారు వనం, మొక్కు తీరినవాళ్ళు కట్టిన గంటలు. ఎవరూ చెప్పకుండానే మా పిల్లలు గొంతు తగ్గించినారు. ఇంట్లో ఇది ఎప్పుడూ జరగలేదు!

ఊరికి ఆ పేరు ఒక బ్రిటిషు వైస్రాయిది. అంతకుముందు కాలూడాండా, అంటే నల్లకొండ. అక్కడ భుల్లా తాల్ అని చిన్న చెరువుంది. 'భుల్లా' అంటే గఢ్వాలీలో తమ్ముడు. దాని పక్కన టీ అంగడిలో ఒక అవ్వ మా చిన్నోడిని కూడా భుల్లా అనే పిలిచింది. మాకు తొందర లేదు, గంటసేపు కూర్చున్నాము. అవ్వ మనవడితో గఢ్వాలీలో మాట్లాడుతోంది, వాడు హిందీలో బదులిస్తున్నాడు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. మా ఇంట్లో అమ్మమ్మ తెలుగులో అడిగితే మావాడు తమిళంలో చెప్పేది అచ్చం ఇట్లాగే.

సొంత సీమ వదిలి వచ్చినాము కాబట్టి మన మాట పోతోందని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకుంటిమి. ఆ పిల్లాడు సొంత కొండ మీదే ఉన్నాడు. గఢ్వాలీని యునెస్కో ప్రమాదం అంచున ఉన్న భాషల్లో చేర్చింది. అంటే ఊరి దూరం ఒక్కటే కారణం కాదు, ఇంట్లో ఎవరు ఏ మాటలో బదులిస్తారన్నది కూడా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పది 'పాయింట్లు' తిరిగే ప్రయాణమైతే ఆ గంట మాకు దొరికేదే కాదు.

మన ఊటీ సంగతి తెలుసు కదా. 2024 మే నుంచి బండికి ఈ-పాస్ తీసుకోమని హైకోర్టే చెప్పాల్సి వచ్చింది. లాన్స్‌డౌన్‌కు కూడా శని, ఆదివారాల్లో ఢిల్లీ కార్లు వస్తాయి. కాబట్టి పోయేవాళ్ళు వారం మధ్యలో పోండి, మూడు రాత్రులైనా ఉండండి, అక్కడ రోప్‌వే లేదని గొణగొద్దు.

వచ్చేసారి పెద్దబావగారిని కూడా తీసుకుపోతామన్నాము. భుల్లా తాల్‌లో బోటు ఎంతసేపు తిప్పుతారని అడిగినారు.