హౌస్ మదర్‌కు విశ్రాంతి ఇచ్చేదెవరు?



ప్లాట్‌ఫారంపై ఒంటరిగా కనిపించిన బిడ్డను మన రైల్వే ఉద్యోగులు రైల్వే రక్షణ దళానికో, బాలల సహాయ కేంద్రానికో అప్పగిస్తున్నారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, ప్రయాణ కాలం మినహా 24 గంటలలోగా ఆ బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఇంటికి పంపే వీలు లేకుంటే కమిటీ బాలల గృహానికి పంపుతుంది. అక్కడ అర్ధరాత్రి జ్వరంతో లేచిన బిడ్డ నుదుటిపై చెయ్యి వేసే మనిషి హౌస్ మదర్. ఆమెకు వారపు సెలవు ఉన్నదా? ఆమె సెలవుపై పోయిననాడు ఆ చోట నిలిచేదెవరు? ఈ ప్రశ్న కార్మికోద్యమం అడగవలసినదే.

2016 నాటి కేంద్ర మాదిరి నియమావళి 100 మంది పిల్లల గృహానికి సూచించిన హౌస్ మదర్, హౌస్ ఫాదర్ పోస్టులు 4. లెక్క వేసి చూడండి. వారానికి 168 గంటలు. ఒక్కొక్కరు 48 గంటల చొప్పున నలుగురు పనిచేసేది 192 గంటలు. రేయింబవళ్ళు ఒక్కరిని డ్యూటీలో నిలిపితే మిగిలేది 24 గంటలే. నూరుగురు పిల్లలకు ఒక్క మనిషి! సెలవులు, జబ్బులు, పిల్లలను ఆసుపత్రికి తీసుకుపోవడం, అన్నీ ఆ మిగిలిన గంటలలోనే. ఇద్దరేసి డ్యూటీలో ఉండాలన్నా ఏడుగురు కావాలి. కుదరని లెక్కను కుదిర్చేది ఆ ఉద్యోగుల నిద్ర.

రిలీవర్ పోస్టు లేని చోట మార్గాలు రెండే: వంటమనిషినే రాత్రి కాపలాకు నిలపడం, లేదా దినకూలిపై ఎవరినో పిలవడం. తల్లిదండ్రులకు దూరమైన బిడ్డకు ప్రతి రాత్రీ ఒక కొత్త ముఖం! ఏ బిడ్డకు మూర్ఛ మందు ఇవ్వాలో, ఏ బిడ్డ చీకటికి భయపడుతుందో ఆ దినకూలీకి చెప్పేవారుండరు. పొరపాటు జరిగితే మాత్రం చట్టం ఊరుకోదు. గృహంలో పనిచేసేవారు పిల్లలను నిర్లక్ష్యం చేస్తే 75వ సెక్షన్ కింద 5 సంవత్సరాల వరకు కఠిన కారాగారం, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. బాధ్యత నిండుగా, విశ్రాంతి సున్న. ఇదేమి న్యాయం?

“ఇది సేవ, ఇది మాతృత్వం, దీనికి గంటలు లెక్కించరాదు” అనేవారున్నారు. అంగన్‌వాడీ సోదరీమణులకూ ఇదే మాట చెప్పి, వేతనానికి గౌరవ వేతనమని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వారికి గ్రాట్యుటీ హక్కున్నదని తీర్పు చెప్పింది. మమత పేరుతో శ్రమను దోచుకోవడాన్ని మేము అంగీకరించము.

రిలీఫ్ అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. రైల్వేలో రెస్ట్ గివర్ ఉన్నాడు, తపాలాలో లీవ్ రిజర్వ్ ఉన్నది. 1974 మే సమ్మెలో రైల్వే కార్మికులు 8 గంటల పనిదినం కోరి జైళ్ళకు వెళ్ళారు. సెలవు కావాలంటే బదులు మనిషిని తానే చూపించుకోవలసిన గ్రామీణ డాక్ సేవక్ బాధ కూడ మనకు తెలుసు. ఎస్.ఓ.ఎస్. బాలగ్రామాల పద్ధతిలో తల్లి సెలవుపై పోయిననాడు ఇల్లు చూసేది పిల్లలెరిగిన ‘ఆంటీ’యే. కనుక ఇది అసాధ్యమైన కోరిక కాదు.

మా డిమాండ్లు స్పష్టం. ప్రతి గృహానికి రిలీవర్ పోస్టులు శాశ్వతంగా మంజూరు చేయాలి. రిలీవర్‌ను అదే గృహానికి, అదే పిల్లలకు కేటాయించాలి. స్టేషన్ మాస్టర్ చార్జి అప్పగించినట్లే, ప్రతి బిడ్డ మందు, భయం, అవసరం వ్రాతపూర్వకంగా చేతులు మారాలి. రిలీవర్‌కు సమాన వేతనం, శిక్షణ, వారపు విశ్రాంతి ఉండాలి. కాంట్రాక్టు సిబ్బందిని క్రమబద్ధీకరించాలి.

ప్రతి శాఖ ఈ డిమాండ్లపై తీర్మానం చేసి జిల్లా కలెక్టరుకు పంపవలెనని, సమీప గృహాల ఉద్యోగులను యూనియన్ సమావేశానికి ఆహ్వానించవలెనని కోరుచున్నాము. నిద్రలేని చేతులలో ఏ బిడ్డా క్షేమంగా ఉండదు. వారి విశ్రాంతి కోసం పోరాడటం ఆ పిల్లల కోసం పోరాడటమే.