జీఐఎస్ కోర్సులోనే కోడింగ్ నేర్పాలి



ఉస్మానియా క్యాంపస్‌లో చదువుకుంటూ, తార్నాక గదుల్లో ఉంటూ జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలు తరచూ అడిగే మాట ఒకటుంది: "మేం మ్యాపులు చేసేవాళ్లం, మాకు కోడింగ్ దేనికండీ?" ఈ రంగంలో పనిచేస్తున్నవాడిగా నా జవాబు ఇది. కోడింగ్ రాకున్నా ఉద్యోగం దొరకవచ్చు. పైకి ఎదగడం మాత్రం కష్టం. అందుకే దాన్ని జీఐఎస్ కోర్సులోనే మొదటి సెమిస్టర్ నుంచి నేర్పాలి.

మన తెలంగాణ సంగతే చూడండి. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. సరిహద్దులు మారినప్పుడల్లా రోడ్లు, చెరువులు, బడులు, ఆసుపత్రుల లేయర్లన్నిటినీ కొత్త జిల్లాల వారీగా క్లిప్ చేయాలి, అంటే కత్తిరించాలి. లేయర్లు ఇరవై ఉంటే, 33 జిల్లాలకు 660 సార్లు అదే పని. చేత్తో చేస్తే రోజులు పడతాయి, ఎక్కడో ఒక ఫైలుకు తప్పు పేరు పడుతుంది. పైథాన్‌లో చిన్న లూప్ రాస్తే ఆ పనంతా అదే చేసుకుపోతుంది. సరిహద్దులు మళ్లీ మారితే అదే స్క్రిప్టును మళ్లీ నడపవచ్చు. సంస్థలు బాధ్యత అప్పగించేది ఆ స్క్రిప్టు రాయగలిగినవారికే.

"కోడ్ ఏఐ రాసిస్తుంది కదా" అనేవారున్నారు. రాసిస్తుంది, కానీ తప్పొప్పులు తేల్చాల్సింది మనమే. చెరువు చుట్టూ 30 మీటర్ల బఫర్ (హద్దు వలయం) కావాలనుకుందాం. డేటా అక్షాంశ రేఖాంశాల్లో ఉంటే ప్రోగ్రామ్ ఆ 30ని డిగ్రీలుగా తీసుకోవచ్చు. అంటే మూడు వేల కిలోమీటర్ల పైమాటే! ముందు దాన్ని మీటర్లలో కొలిచే యూటీఎం ప్రొజెక్షన్‌లోకి మార్చాలి. అందులో హైదరాబాద్ 44వ జోన్‌లో ఉంది. 78 డిగ్రీల రేఖాంశానికి పడమటనున్న నారాయణపేట 43వ జోన్‌లోకి వస్తుంది. ఇది భూగోళశాస్త్రం చదివినవారికి తెలిసిన విషయం. దానికి కోడింగ్ తోడైతే, కోడింగ్ ఒక్కటే వచ్చినవారికంటే మన పిల్లలే ముందుంటారు.

ఖర్చు కూడా అడ్డంకి కాదు. క్యూజీఐఎస్ ఉచితం, అందులోనే పైథాన్ కన్సోల్ ఉంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. అవకాశాలకూ కొదవ లేదు. మ్యాపింగ్‌పై ఉన్న ఆంక్షలను కేంద్రం 2021 ఫిబ్రవరిలో చాలావరకు సడలించింది, 2022లో జాతీయ జియోస్పేషియల్ విధానం తెచ్చింది. తార్నాకలో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ, బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్సీ) ఉన్నాయి. ఇన్ని సంస్థల నడుమ చదివే విద్యార్థి కోర్సు అయ్యాక అమీర్‌పేట కోచింగ్‌లో జీతాల పట్టికల లాంటి ఉదాహరణలతో పైథాన్ మొదలుపెట్టాల్సి రావడం అన్యాయం. తన షేప్‌ఫైల్‌తో, తన ఊరి చెరువుతో నేర్చుకున్న కోడ్ త్వరగా వంటబడుతుంది.

కాబట్టి విశ్వవిద్యాలయాలకు నా విన్నపం: ప్రతి సెమిస్టర్‌లో పైథాన్ ప్రాక్టికల్ పెట్టి మార్కులివ్వండి. అధ్యాపకులకు సెలవుల్లో శిక్షణ ఇప్పించండి. ప్రాజెక్టులకు స్థానిక డేటానే తీసుకోండి. విద్యార్థులకు చెప్పేది ఒక్కటే: సిలబస్ మారేదాకా ఆగకండి. ఈ వారం మీరు పదిసార్లు చేత్తో చేసిన పని ఏదో చూసుకుని, మొదటి స్క్రిప్టు దానికే రాయండి.

ఇట్లు,
ఒక జీఐఎస్ ఉద్యోగి,
తార్నాక, హైదరాబాద్