ఫరాహాబాదు బంగళాలో దయ్యం

పిల్లలూ! ఈ నెల మీ ఉత్తరాల కట్టలో అమ్రాబాద్ నుంచి ఒక కార్డు వచ్చింది. రాసిన అబ్బాయి ఆరో తరగతి చదువుతున్నాడు. "మా సారు మమ్మల్నందరినీ ఫరాహాబాదు తీసుకుపోతా నన్నాడు. అక్కడి నిజాం బంగళాలో దయ్యం వున్నదట. రాత్రిపూట తెల్లచీర కట్టుకుని చప్పుడు లేకుండా ఎగురుతుందట, గోడలో కూర్చుని బుసకొడుతుందట. మా నాయనమ్మ పోవద్దంటున్నది. పోవాలా, వద్దా?" అని అడిగాడు.

పోవాలి నాయనా, తప్పకుండా పోవాలి. అయితే నాయనమ్మ మాట వట్టిదని నేను అనను. ఎందుకో తరవాత చెబుతాను. ముందు మిగతా పిల్లలకు ఆ బంగళా చూపించాలి గదా!

అమ్రాబాదు నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో వున్నది. 2016 కు ముందు మహబూబ్‌నగర్ జిల్లాలో వుండేది. దానికి దగ్గరలోనే మన్ననూరు. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే బస్సులు అక్కడి అటవీశాఖ గేటు దాటి నల్లమల అడవిలో ప్రవేశిస్తాయి. కొంతదూరం పోయాక పెద్దరోడ్డు విడిచి, అనుమతి తీసుకుని అడవిబాట పట్టాలి. ఆ బాట చివర కొండ అంచున నిలబడితే కింద కనుచూపుమేర అడవే అడవి. 'ఫరా' అంటే సంతోషం. నిజాం నవాబులు వేటకు వచ్చినప్పుడు దిగడానికి ఇక్కడ బంగళా వుండేది. ఇప్పుడు మిగిలినవి మొండిగోడలు.

మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీదుగా వచ్చింది. ఆయన పేరుమోసిన పులివేటగాడు. పాము కరిస్తే ఆయన పేరు తలుచుకుంటే చాలు, విషం దిగుతుందని ఆనాటి జనం నమ్మేవారు. (మీరు మాత్రం ఎవరి పేరూ తలుచుకుంటూ కూర్చోకండి. తిన్నగా ఆసుపత్రికి పోవాలి!) నవాబు పేరే మంత్రమైనప్పుడు, ఆ వంశం వారి బంగళాలో దయ్యం చేరిందంటే ఆశ్చర్యమేముంది?

1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. నాటి వేట అడవి నేడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఇక వేటబంగళాతో ఎవరికి పని?

కాని మనుషులు విడిచిన ఇల్లు ఎన్నడూ ఖాళీగా వుండదు. ముందు ఎలుకలు చేరుతాయి. ఎలుకల కోసం పాములు వస్తాయి. చూరుకింద గబ్బిలాలు వేలాడుతాయి. ఆ పైన గోడ తొర్రలో మరొకరు కాపురం పెడతారు. నాయనమ్మ చెప్పిన గుర్తులు చూస్తే ఆ కాపురం ఎవరిదో నాకు తెలిసిపోయింది. తెల్ల గుడ్లగూబది! మనవాళ్ళు దాన్ని చావుపిట్ట అంటారు.

దీని పొట్ట, రెక్కల అడుగుభాగం తెల్లగా వుంటాయి. చీకట్లో మీ లాంతరు వెలుగు కిందినుంచి పడితే తెల్లగుడ్డ ఎగిరినట్టే వుంటుంది. పావురం ఎగిరితే రెక్కలు టపటపలాడుతాయి గదా? దీని రెక్కల ముందు అంచున దువ్వెన పళ్ళవంటి కుచ్చు, పైన మఖమలు వంటి నూగు వుంటాయి. అందువల్ల గాలి చప్పుడు చెయ్యకుండా జారిపోతుంది. చెవులు మరీ విచిత్రం: ఒకటి కొంచెం ఎగువన, ఒకటి కొంచెం దిగువన. ఎలుక చప్పుడు ఒక చెవికి ఒకలాగా, రెండోదానికి మరోలాగా వినిపిస్తుంది. ఆ తేడాను బట్టి కటిక చీకట్లో కూడా, గడ్డికింద దాగిన ఎలుకను అది తప్పకుండా పట్టుకుంటుంది. ఇక ఆ బుస! గూట్లో పిల్లలు ఆకలేసి చేసే అల్లరి అది. పెద్దపిట్ట బెదిరినప్పుడు కూడా అలాగే బుసకొడుతుంది. మామూలుగా దాని అరుపు గొంతు చించుకున్న కేక. అర్ధరాత్రి వింటే నాకూ గుండె ఝల్లుమంటుంది, దాచడమెందుకు!

అది వాలిన ఇంట్లో చావు వస్తుందంటారు. నాకేమనిపిస్తుందంటే, పాపం, జబ్బుమనిషి వున్న ఇంట్లోవాళ్ళే తెల్లవార్లూ మేలుకుని వుంటారు. కూత వారి చెవినే పడుతుంది. ఆ మనిషి పోతే పిట్ట గుర్తుంటుంది. బాగుపడితే ఎవరికీ గుర్తుండదు.

ఈ పేరువల్ల దానికి నిజంగానే చావు వస్తున్నది. కనబడితే రాళ్ళు రువ్వుతారు. దీపావళి దగ్గరపడితే మంత్రాలకని గుడ్లగూబలను పట్టి అమ్మేవారు కూడా వున్నారు. అది చట్టప్రకారం నేరం. జొన్నచేలో, వరిమడిలో ఎలుకలు తినే గింజలెన్నో మీ నాయనను అడగండి. కూలి లేకుండా ఆ ఎలుకలను పట్టే కాపలాదారును మనం రాళ్ళతో కొడుతున్నాం.

మన పక్క చాలా ఊళ్ళలో పాడుబడ్డ గడీలున్నాయి. వాటిలోనూ దయ్యాలున్నాయంటారు. కాని దొరల నాడు ఆ గడి ముందునుంచి పోవాలంటే చెప్పులు చేతబట్టుకుని పోవలసి వచ్చేదని ముసలివాళ్ళు చెబుతారు. వెట్టిచాకిరీకి పిలుపు వచ్చేది కూడా అక్కడినుంచే. అంటే జనం ఆ గోడలకు భయపడింది ముందు మనుషుల వల్ల. దయ్యం తరవాత వచ్చింది.

ఇక నాయనమ్మ మాట. మొండిగోడల్లో పాములుంటాయి, కదిలే రాళ్ళుంటాయి, నల్లమలలో ఎలుగుబంట్లున్నాయి. అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ శ్రీశైలం రోడ్డు మీద బండ్లనే పోనివ్వరు. నిన్ను అటు పోనివ్వకుండా ఆపడానికి ఆమెకు 'దయ్యం' అన్న ఒక్క మాట చాలింది. కనుక పగటిపూట, మీ సారు వెంట, అటవీశాఖవారు చెప్పినట్టు పోయిరా. గోడల్లోకి చెయ్యి పెట్టకు.

గోడకింద నేలమీద బొటనవేలంత నల్లని ఉండలు కనిపిస్తాయేమో చూడు. గుడ్లగూబ ఎలుకను దాదాపు ముక్కలు చెయ్యకుండానే మింగి, అరగని వెంట్రుకలు, ఎముకలు ఇలా ఉండచేసి కక్కేస్తుంది. వాటిని ముట్టకు, తీసుకురాకు. అభయారణ్యంలోనిది ఏదీ తేకూడదు. పుల్లతో కదిపితే చిన్న ఎలుక పుర్రె, పసుపుపచ్చని పళ్ళు కనిపించవచ్చు. దాని బొమ్మ గీసి తెచ్చి నాయనమ్మకు చూపించు. ఆ తెల్లచీర దయ్యాన్ని ఆమె చిన్నప్పుడు ఎక్కడ చూచిందో, ఎంత ఎత్తున ఎగిరిందో అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టే రాసి మాకు పంపు.