ముప్ఫైకీ ముప్ఫై నాలుగుకీ మధ్య

మొన్న ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అమ్మాయికి 34 వచ్చిందట. రాత్రి మాట్లాడితే గొంతు బాగా నీరసంగా ఉంది. ఇంతకీ అది ఎక్కువ వస్తే మంచిదా, తక్కువ వస్తే మంచిదా?"

తక్కువ వస్తేనే మంచిదిరా అని చెప్పాను. 34 తీసిపారేసే మార్కు కాదు, అలాగని గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోయే మార్కూ కాదు. వాడికి ఫోన్‌లో విడమరిచి చెప్పలేకపోయినది ఈ వారం ఇక్కడ రాస్తున్నాను. అలాంటి అంకె కోసం నెలల తరబడి ఎదురుచూసే పిల్లలు మన తెలుగు ఇళ్ళలో చాలామందే ఉన్నారు.

మా అమ్మాయి, అంటే ఆ తమ్ముడి కూతురు, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో మందులకు లొంగని క్షయ మీద పనిచేస్తోంది. సొంత ల్యాబు పెట్టుకుని నాలుగేళ్ళయింది. అక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్‌కి అయిదేళ్ళ గ్రాంటు కోసం దరఖాస్తు చేసింది. వస్తే తన దగ్గర పనిచేసే ముగ్గురి జీతాలు, రసాయనాలు, పరికరాలు అన్నీ దానితోనే. రాకపోతే ఆ ముగ్గురూ వేరే దారి చూసుకోవాలి.

ఆ దరఖాస్తు మంచీచెడూ చూసేది అదే రంగంలో పనిచేసే తోటి శాస్త్రవేత్తలు. 1946 నుంచీ అక్కడ ఇదే పద్ధతి. వాళ్ళ కమిటీని స్టడీ సెక్షన్ అంటారు. ఇరవై మంది దాకా ఉంటారు, ఏడాదికి మూడుసార్లు కూర్చుంటారు. ఒక్కో దరఖాస్తును కనీసం ముగ్గురికి అప్పగిస్తారు. వాళ్ళు ముందుగానే క్షుణ్ణంగా చదివి, 1 నుంచి 9 లోపు మార్కు వేసి, కారణాలు రాసి పంపాలి. 1 అంటే అత్యుత్తమం. ఆ తొలి మార్కుల్లో అడుగున పడిన దాదాపు సగం దరఖాస్తులు చర్చకే రావు.

చర్చకు వచ్చినవాటి సంగతి అమ్మాయి ఒకసారి నాకు చెప్పింది. కొత్త సమీక్షకురాలిగా అలాంటి సమావేశంలో కూర్చున్నప్పుడు చూసింది. ఎవరి దరఖాస్తో చెప్పలేదు. చెప్పకూడదు కూడా, అక్కడ గోప్యత నియమం గట్టిది. 2023 నుంచి దరఖాస్తును ఏఐకి ఇచ్చి సమీక్ష రాయించుకోవడం కూడా నిషేధం. దరఖాస్తు పేరు చదవగానే ఆ దరఖాస్తుదారుతో కలిసి పనిచేసినవాళ్ళు, అదే సంస్థలో ఉన్నవాళ్ళు లేచి బయటికి వెళ్ళిపోతారు. ముగ్గురు సమీక్షకులూ తమ మార్కులు చెబుతారు. మొదటివారు పని ఏమిటో, బలమెక్కడో, లోపమెక్కడో వివరిస్తారు. మిగతా ఇద్దరూ తమకు తేడాగా తోచింది కలుపుతారు. ఆ తర్వాత ఎవరైనా అడగవచ్చు, వాదించవచ్చు. కాసేపటికి ముగ్గురూ మళ్ళీ మార్కు చెబుతారు, మారిస్తే మార్చి చెబుతారు. అప్పుడు అందరూ ఎవరికి వారు గుట్టుగా ఓటు వేస్తారు. ముగ్గురూ చెప్పిన హద్దు దాటి వేయదలచుకున్నవారు మాత్రం ఆ మాట పైకి చెప్పాలి. అందరి మార్కుల సగటు తీసి పదితో హెచ్చవేస్తే వచ్చేదే ఈ అంకె.

ఇక్కడ కాస్త లెక్క వేయండి. ఇరవై మందీ 3 వేస్తే 30 వస్తుంది. పన్నెండు మంది 3 వేసి, ఎనిమిది మంది 4 వేస్తే 34. ఆ ఎనిమిది మందిలో చాలామంది దరఖాస్తును పూర్తిగా చదివినవాళ్ళు కారు. ముగ్గురు మాట్లాడింది విని, పైపైన తిరగేసి వేసినవాళ్ళు. ఆ తర్వాత సలహా మండలి ఒకసారి చూస్తుంది, చివరి మాట సంస్థ డైరెక్టరుది. సుమారు అయిదింటిలో ఒకదానికి డబ్బు దొరికే చోట 30కీ 34కీ మధ్య ఒక ల్యాబు బతకడం, మూతపడడం ఉండవచ్చు.

సమీక్షకుల అభిప్రాయాలు దరఖాస్తుదారుకు పూర్తిగా ఇస్తారు. ఆ పత్రాన్ని పాతకాలంవాళ్ళు పింక్ షీటు అనేవారు, ఒకప్పుడు గులాబీ కాగితం మీద ఇచ్చేవారట. అమ్మాయి దాన్ని నాకు పంపింది. "చూడండి పెదనాన్నా, ఒకరికి నచ్చిందే ఇంకొకరికి నచ్చలేదు" అంది. నిజమే. ఎలుకల మీద చేయబోయే ప్రయోగాలే ఈ పథకానికి వెన్నెముక అని ఒకరు రాశారు. అవే ప్రయోగాలు అయిదేళ్ళలో తెమిలేవి కావని మరొకరు రాశారు. మొదటివారు 2 వేశారు, రెండోవారు 5 వేశారు. ఇద్దరివీ శ్రద్ధగా రాసిన మాటలే. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

మా అమ్మాయికి మాత్రమే ఇలా జరిగిందనుకోకండి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షించి 2018లో ప్రచురించారు. నిజంగా ఎన్‌ఐహెచ్ డబ్బు దక్కించుకున్న 25 క్యాన్సర్ దరఖాస్తులను, అనుభవమున్న 43 మంది సమీక్షకులకు ఇచ్చి మార్కులు వేయించారు. ఒకే దరఖాస్తుకు ఇద్దరు వేసిన మార్కుల మధ్య పొంతన దాదాపు లేదు. ఈ ఫలితం చూసి సమీక్షే బూటకం అన్నవాళ్ళున్నారు. నేను అలా అనను. ఆ 25 దరఖాస్తులూ మంచివే అన్న సంగతి మరిచిపోకూడదు.

మా ఊళ్ళో ధాన్యం చెరిగేవాళ్ళను చూసినవాడిని. చేట పట్టిన చెయ్యి తాలును ఇట్టే వేరు చేస్తుంది. మిగిలిన గట్టి గింజల్లో ఏది ముందు మొలకెత్తుతుందో చెప్పమంటే ఆ చెయ్యి చెప్పలేదు. తోటివారి సమీక్షకు ఉన్న శక్తీ పరిమితీ సరిగ్గా ఇవే అని నా నమ్మకం. బలహీనమైన ప్రశ్ననూ తప్పు పద్ధతినీ వాళ్ళు పట్టుకున్నంత బాగా ఇంకెవరూ పట్టుకోలేరు. మంచివాటిలో మంచిదేదో తేల్చమని వాళ్ళను అడగడమే మన పొరపాటు. అడిగినప్పుడు వచ్చే జవాబులో పేరు, హోదా, చదివిన పూట ఉన్న అలసట కూడా కలిసిపోతాయి.

పేరు ఎంత పనిచేస్తుందో కెనడా అనుభవం చూపించింది. అక్కడి ఆరోగ్య పరిశోధన సంస్థ 2014లో గ్రాంట్లను రెండు రకాలుగా విడదీసింది. దాదాపు 24 వేల దరఖాస్తుల మీద జరిగిన అధ్యయనం 2019లో లాన్సెట్‌లో వచ్చింది. పనిని ప్రధానంగా తూచినచోట గ్రాంటు దక్కడంలో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య తేడా 0.9 శాతం పాయింట్లు. పని చేసే మనిషిని ప్రధానంగా తూచినచోట అది 4 శాతం పాయింట్లు. ఎన్‌ఐహెచ్ కూడా 2025 జనవరి నుంచి పద్ధతి మార్చింది. ప్రశ్న ముఖ్యమైనదా, పద్ధతి గట్టిదా అన్నవాటికే విడి మార్కులు. మనిషి అనుభవం, సంస్థ వనరులు సరిపోతాయా లేదా అన్నమాట చెబితే చాలు. మంచి మార్పు ఇది.

నేను ఇంకో అడుగు ముందుకు వేయమంటాను. న్యూజిలాండ్ హెల్త్ రీసెర్చ్ కౌన్సిల్ 2013లోనే ఆ అడుగు వేసింది. ఎక్స్‌ప్లోరర్ గ్రాంట్ల దరఖాస్తులను పేర్లు తీసేసి చదివిస్తారు. కొత్తదనం ఉందా, చేయగలిగిన పనేనా అని మాత్రమే చూస్తారు. గట్టు దాటినవాటికి లాటరీ తీస్తారు. శాస్త్రవేత్తలు నొచ్చుకుంటారేమో అనుకుంటాం. దరఖాస్తు చేసినవాళ్ళనే తర్వాత అడిగితే, జవాబిచ్చినవారిలో 63 శాతం ఈ పద్ధతి మంచిదే అన్నారు. ప్రభుత్వం ఇచ్చే డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు అర్హులను ముందు తేల్చి, తర్వాత అందరి ఎదుట లాటరీ తీయడం మనం చూసిందే. అర్హులు ఎక్కువై ఇళ్ళు తక్కువైనప్పుడు అంతకంటే న్యాయమైన దారి లేదు.

దరఖాస్తు రాయడానికి పట్టే శ్రమ సంగతి కూడా చూడాలి. ఆస్ట్రేలియాలో 2012లో ఒక్క విడతకు 3,727 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి సగటున 34 పనిదినాలు పట్టాయని, అంతా కలిపితే 550 ఏళ్ళ పని అని లెక్కకట్టారు. అందులో నాలుగోవంతు కూడా గ్రాంటుగా మారలేదు.

లోపాలున్నాయి కదా అని ఈ పనిని తోటివారి చేతుల్లోంచి లాక్కుంటే ఏమవుతుంది? అమెరికాలో 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం రాగానే ఈ కమిటీల సమావేశాలు కొన్ని వారాలు ఆగిపోయాయి. గ్రాంట్లను రాజకీయ నియామకాలతో వచ్చిన పెద్దలు పరిశీలించాలని, తోటివారి సిఫారసు సలహా మాత్రమేనని ఆగస్టులో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. క్షయ క్రిమి గురించి తెలియని అధికారం కంటే, తెలిసినవారి పొరపాటు నాకు వెయ్యి రెట్లు నయం.

మన విషయానికి వస్తాను. 1911లో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్‌గా పుట్టి 1949లో ఐసీఎంఆర్ అయిన సంస్థ మనకుంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్ వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ మన హైదరాబాదులోనే ఉంది. ఫెలోషిప్పుల వడపోతలో మిగిలినవారిని వాళ్ళు ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఎదురుగా కూర్చుని సందేహం తీర్చే అవకాశం దొరుకుతుంది కాబట్టి నాకు ఆ పద్ధతి ఇష్టం.

చాలా ఏళ్ళ కిందట, మెడికల్ కాలేజీలో పాఠం చెబుతున్న రోజుల్లో, నేనూ ఒక దరఖాస్తు పెట్టాను. పల్లెలో పాము కరిచిన మనిషి మందు దొరికే ఆస్పత్రికి చేరడానికి ఎంతసేపు పడుతోంది, దారిలో ఎక్కడ ఆలస్యమవుతోంది అన్నది నా ప్రశ్న. ఏడు నెలల తర్వాత రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది: పరిశీలించాం, అంగీకరించలేకపోతున్నాం. ఎవరు చదివారో అడగను, అడగకూడదు. ఎక్కడ తప్పిందో ఒక్క వాక్యం రాసి ఉంటే మళ్ళీ రాసేవాడిని. రాయలేదు. ఆ ప్రశ్న నా అలమరలోనే ఉండిపోయింది.

మన దేశంలో ఆరోగ్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రతి సంస్థకూ నా విన్నపం రెండే మాటలు. తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ సమీక్షకులు రాసినది పేర్లు తీసేసి పూర్తిగా ఇవ్వండి. గట్టు మీద సమానంగా నిలిచినవాటికి బహిరంగంగా లాటరీ తీయండి.

ఎన్‌ఐహెచ్‌లో అదే దరఖాస్తును దిద్ది 37 నెలల్లోగా ఒకసారి తిరిగి పంపవచ్చు. అమ్మాయి ఎలుకల ప్రయోగాల భాగం తిరగరాస్తోంది. గడువు నవంబరు 5.