తాత పేరున కరెంటు ఉంటే సబ్సిడీ ఎవరికి?



అమెరికాలో ఉండే మన పిల్లలు, ఇంటికి సోలార్ పెట్టుకుంటే ఖర్చులో 30 శాతం టాక్సులో తగ్గుతుందని చెప్పేవాళ్ళు. 2025 డిసెంబరుతో అక్కడ అది ఆగిపోయింది. మన దేశంలో సొంత ఇంటి సోలార్‌కు ఇన్‌కం టాక్సులో తగ్గింపు లేదు. దానికి బదులు పీఎం సూర్య ఘర్ పథకంలో డబ్బు నేరుగా బ్యాంకులో పడుతుంది. 1 కిలోవాటుకు 30,000, రెండుకు 60,000, మూడు, ఆపైన ఎంతైనా 78,000 రూపాయలు. టాక్సు కట్టే ఆదాయం లేనివాళ్ళకీ వస్తుంది. అందుకే ఇదే మేలు అంటాం మేము.

తమిళనాట కొన్ని యూనిట్లు ఊరికే ఇస్తుంటే సోలార్ ఎందుకు అని కొందరు అడుగుతారు. ఏసీ ఉన్న ఇంట్లో ఎండాకాలం రెండు నెలలకు 500 యూనిట్లు దాటితే రేటు పట్టికే మారిపోతుంది. మిద్దె మీద 3 కిలోవాట్లు పెడితే నెలకు సుమారు 300 యూనిట్లు వస్తాయి.

చిక్కంతా పేరులో ఉంది. మన పాత వీధుల్లో చాలా ఇళ్ళకు ఈబీ కార్డు ఇంకా తాత పేరునే ఉంది. బిల్లు కట్టేదానికి ఎవరి పేరైనా ఒకటే. సబ్సిడీ అడిగేటప్పుడు మాత్రం కనెక్షన్ పేరూ, దరఖాస్తు పేరూ కలవాలి. పైగా మన పేర్ల సంగతి తెలిసిందే. పత్రంలో ఇంటిపేరు ఉంటుంది, ఇస్కూలు సర్టిఫికెట్టులో తమిళ పద్ధతిలో నాయన పేరు ఇనిషియల్ అవుతుంది, ఆధార్‌లో ఇంకో తీరు. రైల్వే కౌంటరులో కూర్చున్న మాకు తెలుసు, ఒక అక్షరం తేడా వచ్చినా మనిషి ఎంత తిరగాలో.

పేరు మారుద్దామంటే అన్నదమ్ములు ఒప్పుకోరు. "వాడి పేరున కార్డు మారితే ఇల్లు వాడిదైపోతుంది" అనే భయం. కరెంటు కార్డు ఆస్తి పత్రం కాదు. పేరు మారినా ఎవరి వాటా వారిదే. కావాలంటే ఆ మాట కాగితం మీద రాసుకుని అందరూ సంతకం పెట్టండి.

ముందు వారసుల సర్టిఫికెట్టు, తరవాత ఈబీలో పేరు మార్పు, ఆ తరవాతే సోలార్ దరఖాస్తు. ఈ పథకం 2026-27 వరకే అన్నారు. తాసిల్దారు ఆఫీసులో పని ఒక్క రోజులో అయ్యేది కాదు.

ఉగాదికి పందిరి వేసే మన సంఘం, ఒక ఆదివారం నాలుగు బల్లలు వేసి పెద్దవాళ్ళ కాగితాలు చూసిపెట్టాలి. భాషను కాపాడేదానికి ఇళ్ళు నిలబడాలి కదా. ఈ వారమే మీ ఈబీ కార్డు తీసి, మీద ఎవరి పేరుందో చూడండి.