ఎవరి చేతుల కోసం?

క్రితం నెలలో మా సంఘంలోని ఒక కుటుంబాన్ని దర్శించడానికి వెళ్లాను. హాల్లో అన్నదమ్ములిద్దరూ టీవీ ముందు కూర్చుని కారు పందెం ఆడుతున్నారు. చిన్నవాడు కంట్రోలర్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. పెద్దవాడికి పుట్టుకతోనే కుడి చెయ్యి స్వాధీనంలో లేదు. వాడు దాన్ని చాప మీద పెట్టి, ఎడమ చేతితో స్టిక్ తిప్పుతూ, కుడివైపు బటన్లను కాలి బొటనవేలితో నొక్కుతున్నాడు. "అయ్యగారూ, ఇలాంటి పిల్లలకు వేరే రిమోట్లు చెయ్యరా?" అని వాళ్లమ్మ అడిగింది. నాకు తెలియదని ఒప్పుకుని వచ్చేశాను. తరువాత తీరిక చేసుకుని చదివిన సంగతులు ప్రియ పాఠకులకు చెబుతున్నాను.

నేడు మన పిల్లల చేతుల్లో కనబడే కంట్రోలర్ ఏ ఒక్క కంపెనీ సొంత ఆలోచనా కాదు. ఎడమ బొటనవేలి కింద కూడిక గుర్తులా ఉండే బటన్ జపాను దేశపు నింటెండోది. గున్‌పెయి యొకోయి అనే ఆయన దాన్ని రూపొందించగా, 1982లో జేబులో పట్టే డాంకీ కాంగ్ ఆటలో వచ్చింది. నింటెండో దానికి పేటెంటు తీసుకున్నది. అయితే పోటీదారులు ఊరుకోలేదు. అదే పనిని సెగా ఒక గుండ్రని బిళ్లతో చేయించింది. సోనీ నాలుగు కొసలు మాత్రం పైకి కనబడనిచ్చి మధ్యభాగాన్ని కప్పేసింది.

అసలు పరుగు 1996లో మొదలైంది. ఆ జూన్‌లో జపానులో విడుదలైన నింటెండో 64కు బొటనవేలితో తిప్పే చిన్న స్టిక్ ఉంది. కొంచెం వంచితే మారియో మెల్లగా నడుస్తాడు, పూర్తిగా వంచితే పరుగెత్తుతాడు. 1997 ఏప్రిల్‌కల్లా సోనీ రెండు స్టిక్‌లున్న కంట్రోలర్ తెచ్చింది. అదే నెలలో నింటెండో, ఆటలో దెబ్బ తగిలితే చేతిలో వణుకు పుట్టించే రంబుల్ పాక్‌ను జపానులో అమ్మకానికి పెట్టింది. దాన్ని విడిగా తగిలించాలి, బ్యాటరీలు వెయ్యాలి. నవంబరులో సోనీ ఆ వణుకును కంట్రోలర్ లోపలే అమర్చి డ్యుయల్‌షాక్ అని పేరు పెట్టింది. పొరుగింట్లో తాలింపు ఘుమఘుమలాడితే మనింట్లోనూ మూకుడు పొయ్యి మీదికి ఎక్కుతుంది కదా!

ఆ వణుకు కోర్టుకు కూడా ఎక్కింది. ఇమ్మర్షన్ అనే అమెరికా కంపెనీ 2002లో సోనీ మీద, మైక్రోసాఫ్ట్ మీద పేటెంటు దావా వేసింది. మైక్రోసాఫ్ట్ మరుసటి ఏడే రాజీ పడింది. సోనీ 2007 వరకు పోరాడింది. ఈలోగా 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 కంట్రోలర్‌లో వణుకే లేదు. కదలికను పసిగట్టే సెన్సార్‌కు అది అడ్డని సోనీ చెప్పింది. రాజీ కుదిరిన ఏడాదే ఆ అడ్డు తొలగిపోవడం చూసి నాకు నవ్వు వచ్చింది.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్నకు వస్తాను. చేతులు కదపలేనివారి కోసం నింటెండో అమెరికాలో 1989లోనే ఒక కంట్రోలర్ చేసింది. దాన్ని ఛాతీకి కట్టుకోవాలి. స్టిక్‌ను గడ్డంతో కదపాలి. గొట్టంలోకి ఊదితే ఒక బటన్, గాలి పీల్చితే ఇంకొక బటన్ నొక్కినట్టు. దుకాణాల్లో దొరికేది కాదు, కంపెనీకి ఫోను చేసి తెప్పించుకోవాలి. వణుకును ఏడు నెలల్లో అందిపుచ్చుకున్న ఈ పోటీ, దీని వెనుక మాత్రం అలా పరుగెత్తలేదు. కొనేవారు కొద్దిమందే గనుక అని నేననుకుంటున్నాను.

మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ 2018లో వచ్చింది. అరచేతితో గాని మోచేతితో గాని నొక్కగలిగిన రెండు పెద్ద బటన్లు, వెనుక వరుసగా 19 రంధ్రాలు. ఎవరికి వీలైన మీట వారు వాటిలో తగిలించుకోవచ్చు; కాలికి పెడల్, తలకు ఒక బటన్, ఏదైనా సరే. అట్టపెట్టెను కూడా చేతి పట్టు లేనివారు లాగి తెరిచేటట్టు ఉంగరాలతో చేశారు. నాకు అన్నిటికంటె నచ్చింది ఆ పెట్టే. సోనీ తన గుండ్రని యాక్సెస్ కంట్రోలర్‌ను 2023 డిసెంబరులో తెచ్చింది. దాన్ని మామూలు కంట్రోలర్‌తో జతచేసి ఒకే ఆట ఆడవచ్చు.

అమెరికాలో మొదటిది 100 డాలర్లకు, రెండవది 90 డాలర్లకు విడుదలయ్యాయి. అదనపు మీటలు విడిగా కొనుక్కోవాలి. ఇది నాకు మింగుడుపడలేదు. రెండు చేతులున్నవాడికి అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి.

ఆ తల్లికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. ధర వినగానే కాసేపు మాట్లాడలేదు. "వాడు కాలితోనే తమ్ముణ్ణి ఓడిస్తున్నాడులెండి అయ్యగారూ" అన్నది. మళ్లీ తనే, "పేరు ఒకసారి చెప్పండి, రాసుకుంటాను. వాళ్ల నాన్నతో మాట్లాడతాను" అన్నది.